పొద్దుటి జ్వరం

తెనాలి,
3-9-1968

అక్కకి,

క్షేమంగా చేరామని ముందే రాసేస్తున్నా. లేకపోతే నువ్వు ఉత్తరమంతా వణుకుతూ చదువుతావు.

రేపల్లెలో రైలెక్కేసరికే నాన్న పాదం బూరెలా ఉబ్బిపోయింది. ఇక్కడ డాక్టరు జ్ఞానానందం గారు కట్టు విప్పి చూసి నన్ను చెడామడా తిట్టారు. "జెల్ల చేప ముల్లు గుచ్చుకుని పదిరోజులైతే ఇప్పుడా తీసుకొచ్చేది? ఆకుపసరు కట్టి కుళ్ళబెట్టారు గదయ్యా!" అన్నారు. నేను బాపట్లలో ఉంటానండీ, శనివారం దాకా నాకు తెలియదండీ అన్నాను. ఆ మాట అన్నాక సిగ్గేసింది. కన్నతండ్రి కాలు కుళ్ళుతుంటే తెలియదని చెప్పుకోవడం కూడా ఒక జవాబేనా?

నిన్న సాయంత్రం కోసి చీము తీశారు. నాన్న కిక్కురుమనలేదు. పక్క మంచం మీద రైసుమిల్లు గుమాస్తా పాండురంగారావు గారే ఆ గిన్నె చూసి కళ్ళు మూసుకున్నారు. జ్వరం నూట మూడు ఉంది. జ్వరం పూర్తిగా పోయి, నాలుగు రోజులు వరసగా చార్టులో మామూలుగా ఉంటేనే ఇంటికి పంపుతామన్నారు. జ్వరం ఉండగా కాలు కదిలిస్తే విషం పైకెక్కి పాదం తీసేయాల్సి వస్తుందట. ఆఫీసుకి సెలవు కాగితం పంపించాను.

రోజూ పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ నర్సు రావమ్మ గారు వచ్చి నాలిక కింద గాజుపుల్ల పెడతారు. మొదటిసారి నాన్న దాన్ని చుట్ట అనుకున్నట్టు పళ్ళతో పట్టుకున్నాడు. "కొరక్కండి సింగరయ్య గారూ, లోపల ఉన్నది పాదరసం!" అని ఆవిడ కేక పెట్టారు. నాకు నవ్వొచ్చింది. నాన్నకి రాలేదు.

బయటి తిండి, బయటి టీలు లోపలికి తేకూడదని గోడ మీద రాసి ఉంది. నాన్న మాత్రం రెండు రోజులుగా ఆ ఒక్కటే అడుగుతున్నాడు. "ఓ గుక్క టీ పోయించరా" అని. ఆయన నాతో మాట్లాడిన మాటల్లో సగం అవే.

అమ్మ ఎలా ఉంది? కాస్త చూసుకుంటూ ఉండు.

నీ తమ్ముడు,
మస్తాన్‌రావు

*

నిజాంపట్నం,
6-9-1968

చిరంజీవి మస్తాన్‌కి అక్క దీవెనలు.

ఉత్తరం అందింది. అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. గాజుపుల్ల కొరికిన ముక్క దగ్గర బాగా నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. మళ్ళీ నువ్వు కంగారుపడతావు, మామూలు దగ్గే. అమ్మ బాగానే ఉంది.

ఇక్కడ వానలు. కరకట్ట మీద బస్సు రెండు రోజులుగా రావడం లేదు. మీ బావ పడవ ఒడ్డునే ఉంది. ఎండబెట్టిన చేపలు తడిసిపోయి వీధంతా ఒకటే కంపు. రత్తాలు పిన్ని మాత్రం ఆ వానలోనే గంపెత్తుకుని తెనాలి మార్కెట్టుకి వస్తానంటోంది. ఆవిడ కాళ్ళు ఇనుముతో చేసి ఉంటాయి.

అమ్మ నిన్ను ఒకటి చెయ్యమని మరీ మరీ చెప్పి రాయించింది. ఆవిడ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నా. "ముప్పై ఏళ్ళుగా ఆయన తెల్లారగట్ట రేవు కాడ నోరు కాలే టీ తాగందే పడవెక్కలా. టీ లేకపోతే ఆయన మనిషే కాదు. ఆసుపత్రోళ్ళు ఏవన్నా అనుకోనీ, నువ్వు చాటుగా ఓ గ్లాసు పోయించు నాయనా. లోపలికి వేడి పడితే సగం రోగం పోద్ది." ఆ మాట నిజమే కదా. టీకీ కాలికీ ఏంటి సంబంధం? పోయించు.

జ్వరం తగ్గగానే రాయి. ఎప్పుడొస్తారని అమ్మ రోజూ అడుగుతోంది.

నీ అక్క,
వెంకటసుబ్బులు

*

తెనాలి,
13-9-1968

దొంగతనం నేర్పిన అక్కకీ అమ్మకీ,

మీ మాట ప్రకారం దొంగనయ్యాను. ఐదున్నరకి స్టేషను పక్క కొట్లో మొదటి టీ నాదే. సత్తు చెంబులో పోయించుకుని, చొక్కా కింద పెట్టుకుని, వాచ్‌మన్‌కి నమస్కారం పెట్టి లోపలికొస్తాను. పొట్ట మీద చర్మం కమిలింది. నాన్న లేచి కూర్చుని రెడీగా ఉంటాడు. ఊదను కూడా ఊదడు. ఆ పొగలు కక్కేదాన్ని నోట్లో కాసేపు అటూ ఇటూ తిప్పి, కళ్ళు మూసుకుని మింగుతాడు. ఆరు కొట్టేలోపు చెంబు మంచం కిందికి పోతుంది, మూతి తుడుచుకుంటాడు. రావమ్మ గారు వచ్చేసరికి మేమిద్దరం పరమ సాధువులం.

కాలు బాగా మానుతోంది. వాపు పోయింది, చీము లేదు. కానీ జ్వరమే తిక్కగా ఉంది అక్కా. పొద్దున నూరూ, నూరున్నర. సాయంత్రం చూస్తే మామూలు. "సాధారణంగా జ్వరం సాయంత్రం పెరుగుతుంది. ఈయనకి పొద్దున పెరుగుతుందేంటి?" అని డాక్టరు గారు తల పట్టుకుంటున్నారు. రక్తం తీసి పరీక్షకి పంపారు. మలేరియా కావచ్చని చేదు మాత్రలు ఇస్తున్నారు.

ఒక సంగతి చెప్పాలి. నాన్న మాట్లాడుతున్నాడు! టీ తాగాక ఓ అరగంట నోరు విప్పుతాడు. నీళ్ళ రంగు చూసి కింద ఏ చేప ఉందో ఎలా చెప్పాలో చెప్పాడు. నేను పుట్టిన రోజు ఆయన సముద్రంలో ఉన్నాడట, మూడో రోజున వచ్చి చూశాడట. పదో ఏట హాస్టల్లో వేశాక నేను ఆయన్ని పండక్కీ పబ్బానికీ చూడటమేగా. ఈ మనిషికి ఇన్ని మాటలు వచ్చని నాకు తెలియదు.

జ్వరం దిగగానే వచ్చేస్తాం. అమ్మకి చెప్పు.

మస్తాన్

*

నిజాంపట్నం,
17-9-1968

మస్తాన్‌కి,

పదిహేను రోజులు అయింది. కాలు మానింది అంటావు, జ్వరం ఉందంటావు. మానిన కాలికి జ్వరం ఎక్కణ్ణించి వస్తుందిరా? ఆ డాక్టరుకి తెలియకపోతే ఇంకో డాక్టరుకి చూపించు.

రత్తాలు పిన్ని శుక్రవారం తెనాల్లో నిన్ను చూసిందట. టీ కొట్టు దగ్గర ఎవరితోనో పగలబడి నవ్వుతున్నావట. "మీవోడికి తెనాలి నీళ్ళు బాగా పట్టాయే! సినిమా హాలు కూడా ఆ పక్కనే" అని వీధిలో నలుగురి ముందూ అంది. ఆవిడ నోరు సంగతి తెలుసు, నేను పట్టించుకోలేదు. కానీ మనసు చివుక్కుమంది. నేనిక్కడ ఒక్కదాన్ని ఈ ఇంటికీ అమ్మ ఇంటికీ తిరగలేక చస్తున్నా.

అమ్మ బాగానే ఉంది. పడుకుంటే ఆయాసంగా ఉందని గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. వాన చలికి అయి ఉంటుంది. అమ్మవారికి మొక్కుకుంది, నాన్న నడిచి వస్తే చీర పెడతానని.

త్వరగా తీసుకురా.

అక్క

*

తెనాలి,
20-9-1968

అక్కకి,

రత్తాలు పిన్ని చూసింది నిజమే, నేను నవ్విందీ నిజమే. టీ కొట్టు ప్రకాశం నన్ను చూడగానే "వచ్చాడయ్యా దొంగ అల్లుడు" అంటే నవ్వాను. నవ్వినందుకు కూడా నీకు సంజాయిషీ రాయాలా? నేను సినిమాకి పోలేదు. ఇరవై రోజులుగా ఆసుపత్రి వరండాలో చాప మీద పడుకుంటున్నా. అక్కడ కూర్చుని నువ్వు ఎన్నైనా అనగలవు.

పొద్దున జ్వరం తొంభై తొమ్మిదిన్నరకీ నూరున్నరకీ మధ్య తిరుగుతోంది. రక్తంలో ఏమీ లేదన్నారు. ఇంజక్షన్ మార్చారు. తుంటి మీద పొడిచి పొడిచి చోటు లేకుండా పోయింది. నాన్న "ఇంకా ఎన్ని రోజులంటా?" అని అడుగుతాడు, నేను చెబుతాను, "సరేలే" అంటాడు. అంతే. ఆయన ఓపిక చూస్తే నాకు ముచ్చటేస్తోంది. నిన్న నాకు వల ముడి నేర్పించాడు, ఆసుపత్రి దుప్పటి దారం పీకి. రావమ్మ గారు చూసి ఇద్దర్నీ తిట్టారు.

కోపంలో రాశాను, ఏమీ అనుకోకు. ఇంకో వారం, అంతే.

మస్తాన్

*

నిజాంపట్నం,
23-9-1968

ఒరే మస్తానూ,

ఇది నాన్నకి చదివి వినిపించకు.

అమ్మ బాగాలేదు. మొదటినుంచీ బాగాలేదు. మీరు వెళ్ళిన మూడో రోజునే కాళ్ళకి నీరొచ్చింది. ఇప్పుడు మోకాళ్ళ దాకా వచ్చింది, వేలితో నొక్కితే గుంట పడుతోంది. రెండు అడుగులేస్తే ఎగశ్వాస. రాయనివ్వలేదు. "మీ నాయనకి తెలిస్తే జ్వరం ఇంకా పెరిగిద్ది, వొద్దు" అని నా చేత ఒట్టు వేయించుకుంది. రత్తాలు పిన్ని చేత కూడా. గుండె మీదికి నీరు వచ్చిందని, రేపల్లె పెద్ద డాక్టరుకి చూపించమని ఇక్కడి కాంపౌండరు అంటున్నాడు. రెండు రోజుల్లో బస్సు నడిస్తే తీసుకుపోతాం.

జ్వరం ఉన్నా లేకపోయినా నాన్నని తీసుకురా. కాలు పోతే పోయింది. అమ్మ ఆయన కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది. ఒట్టు తప్పాను, ఆ పాపం నాకే తగలనీ.

అక్క

*

బాపట్ల,
12-1-1969

అక్కకి,

అమ్మ పోయి నాలుగు నెలలు కావస్తోంది. ఇన్నాళ్ళూ నీకు ఉత్తరం రాయలేదంటే కోపం వల్ల అనుకుంటున్నావేమో. పదకొండో రోజున బంధువులందరి ముందూ నువ్వు నన్ను నిలబెట్టి అడిగావు, "పాతిక రోజులు నాన్నని తెనాల్లో పెట్టుకుని ఏం చేశావురా?" అని. బావే నిన్ను లోపలికి తీసుకుపోయాడు. నువ్వు అన్నదానికి నాకు కోపం రాలేదు. నువ్వడిగినదానికి జవాబుంది, అది చెప్పడానికి నోరు రాలేదు. ఈ నాలుగు నెలల్లో పది ఉత్తరాలు రాసి చింపాను.

సెప్టెంబరు 26వ తేదీ పొద్దున ప్రకాశం కొట్టు తెరవలేదు. వాళ్ళింట్లో ఎవరికో పురుడు. టీ లేదు. నాన్న మొహం ముడుచుకుని కూర్చున్నాడు. ఆరింటికి రావమ్మ గారు చూస్తే తొంభై ఎనిమిది పాయింటు నాలుగు. ఆవిడ పకపకా నవ్వి, "హమ్మయ్య, దిగింది సింగరయ్య గారూ!" అన్నారు. నేను ఆ సంతోషంలో నోరు జారాను. "ఈ రోజు టీ పడలేదని ఈయన అలిగాడు సిస్టర్, జ్వరానికి కూడా భయమేసినట్టుంది" అన్నాను.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. నన్ను వరండాలోకి రమ్మన్నారు. "రోజూ టీ తాగినాకేనా నేను చూసేది?" అన్నారు. అవునన్నాను. "ఎంతసేపటికి ముందు?" ఐదు నిమిషాలు, ఒక్కోసారి అంత కూడా కాదన్నాను. ఆవిడ నుదురు కొట్టుకున్నారు. "ఆయన ఒంట్లో జ్వరం లేదయ్యా, నోట్లో ఉంది! వేడివి తాగితే పావుగంటా అరగంటా నోరు వేడిగానే ఉంటుంది. ఐసుముక్క చప్పరిస్తే జ్వరమున్నోడికి కూడా లేనట్టు చూపిస్తుంది. చెబుతూనే ఉంటాం, ఎవరు వింటారు? పన్నెండు రోజుల కిందటే ఇంటికి పోవాల్సిన మనిషి." డాక్టరు గారికి తాను చెబుతానని, నన్ను చెప్పొద్దని అన్నారు. పాపం ఆవిడ నన్ను కాపాడదామనే అనుకున్నారు.

మధ్యాహ్నం పన్నెండింటికి నీ ఉత్తరమూ, అమ్మ పోయిందని రేపల్లె నుంచి బావ ఇచ్చిన టెలిగ్రామూ ఒకేసారి వచ్చాయి.

అదీ అక్కా సంగతి. అమ్మ పోయింది గుండె జబ్బుతోనే. కానీ నాన్న పద్నాలుగో తేదీకే ఇంట్లో ఉండాల్సింది. పన్నెండు రోజులు అమ్మ పక్కన కూర్చోవాల్సింది. చివరిదాకా అమ్మ "ఆయన జ్వరం తగ్గిందా?" అని అడిగిందని నువ్వు చెప్పి ఏడ్చావే, ఆ జ్వరం నేను చెంబులో మోసుకొచ్చింది.

ఇక్కడికి వచ్చాక ఒక థర్మామీటరు కొన్నాను. పొద్దున్నే టీ తాగి వెంటనే పెట్టుకుంటే నూటొకటి. ఐదు నిమిషాలకి నూరు. పావుగంటకి తొంభై తొమ్మిది లోపు. కుండ నీళ్ళు తాగితే తొంభై ఆరుకి పడిపోతుంది. గోలీసోడాకి ఇంకా తక్కువ. మిరపకాయ బజ్జీ తింటే నోరు మండుతుంది గానీ పాదరసం పెద్దగా కదలదు. ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో రాస్తున్నా. గదిలో నాతో ఉండే రామకృష్ణ నాకు పిచ్చి పట్టిందనుకుంటున్నాడు. ఎక్కడో ఒకచోట, ఒక్క రోజైనా, టీ తాగినా మామూలుగానే చూపిస్తుందేమోనని చూస్తున్నా. అలా చూపిస్తే అది టీ తప్పు కాకపోవచ్చు కదా. ఇంతవరకూ చూపించలేదు.

నాన్నకి చెప్పకు. కొడుకు తెచ్చిన టీ వల్లే పెళ్ళాన్ని ప్రాణంతో చూసుకోలేకపోయానని తెలిస్తే ఆయన తట్టుకోలేడు. నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

మస్తాన్

*

నిజాంపట్నం,
25-1-1969

మస్తాన్‌కి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నిన్ను చంపాలన్నంత కోపం వచ్చింది. రెండోసారి చదివేసరికి నా ఉత్తరం గుర్తొచ్చింది. టీ పోయించమని రాసింది ఎవరు? నేనే. "టీకీ కాలికీ ఏంటి సంబంధం" అని కూడా రాశాను. చెప్పింది అమ్మ. అమ్మని ఏమనను? "అమ్మ బాగానే ఉంది" అని రెండు ఉత్తరాలు రాసింది కూడా ఈ చేతులే. నిజం రాసి ఉంటే మీరు జ్వరంతోనైనా వచ్చేవాళ్ళు. నీకు నోటు పుస్తకం ఉంది. నాకు అది కూడా లేదు.

ఇంత తెలిసినా నీ మీద మనసు విరిగిపోయింది తమ్ముడూ. అబద్ధం ఎందుకు రాయను? మా చంటిదానికి పాలు వెచ్చబెడుతుంటే కూడా నువ్వు గుర్తొచ్చి చెయ్యి ఆగిపోతోంది. కొన్నాళ్ళు రాకు. నిన్ను చూస్తే మళ్ళీ నలుగురిలో ఏదన్నా అనేస్తానేమోనని భయం.

ఉత్తరంలో ఏముందమ్మా అని నాన్న అడిగాడు. బాపట్లలో చలి ఎక్కువగా ఉందట నాన్నా అన్నాను. "స్వెట్టరు కొనుక్కోమను" అన్నాడు.

అక్క

*

బాపట్ల,
2-8-1970

అక్కకి నమస్కారం,

ఏడాదిన్నర దాటింది నీ మొహం చూసి. అమ్మ మొదటి ఏడాది నాడు రేపల్లె దాకా వచ్చి, నిజాంపట్నం బస్సు చూసి, అదే రైలుకి వెనక్కి వచ్చేశాను. ఆ సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు.

నాకు పెళ్ళి సంబంధం చూశారట, నువ్వు కబురు పంపావని రంగమ్మ అత్త ఇక్కడికొచ్చి చెప్పింది. వద్దను. నేను టీ మానేశాను. ఏ పిల్లకైనా పొద్దున లేవగానే నా మొగుడు టీ తాగడేంటి అని అనుమానం వస్తుంది. ఏం చెప్పను?

నాన్న నా గురించి అడుగుతాడా? ఏమంటాడు? ఆయన ముందు కూర్చుని ఏమీ జరగనట్టు మాట్లాడటం నా వల్ల కాదు. చెప్పడమూ నా వల్ల కాదు. అందుకే రాను. ఇది ఒక్కటే నేను ఆయనకి చేయగలిగిన మేలు, ఆయనకి తెలియనివ్వకపోవడం.

నువ్వైనా రెండు ముక్కలు రాయి.

మస్తాన్

*

నిజాంపట్నం,
14-2-1971

ఒరే తమ్ముడూ,

కూర్చుని చదువు. వీధిలో నిలబడి చదవకు.

గురువారం నాన్నకి జ్వరమొచ్చింది. కంగారు పడకు, పడిశపు జ్వరమే, తగ్గిపోయింది. కాంపౌండరుని పిలిపించాను. ఆయన సంచీ విప్పుతున్నాడు, నేను ఈలోపు నాన్నకి టీ తెచ్చి ఇచ్చాను. నాన్న గ్లాసు పక్కన పెట్టేసి, "ఉండమ్మా, జ్వరం చూసినాక తాగుతా. ముందు తాగితే తప్పు చూపిచ్చుద్ది" అన్నాడు.

కాంపౌండరు వెళ్ళేదాకా ఎలా నిలబడ్డానో నాకే తెలియదు. వెళ్ళాక అడిగాను, "నాన్నా, ఆ సంగతి నీకెవరు చెప్పారు?" అని.

పక్కన పెట్టిన టీ తాగేశాడు. తర్వాత చెప్పాడు. ఆయన మాటలు ఆయన చెప్పినట్టే రాస్తున్నా. నేను ఒక్క ముక్క కలపలేదు.

"తెనాల్లో నర్సమ్మ చెప్పింది. చేరిన మూడో రోజునే. ఆడు స్నానానికెళ్ళాడప్పుడు. పెద్దాయనా, ఇది పెట్టేముందు వేడివి చల్లవి తాగబాకు అంది. సరేనన్నా. మరిచిపోయా. టీ మీద యావతో తాగా. నాలుగైదు రోజులు పోయినాక, కాలు తగ్గింది, జ్వరం ఇంకా ఎందుకుందంటా అని డాక్టరు అంటుంటే అప్పుడు గుర్తొచ్చింది. చెబుదామనుకున్నా. ఆడి మొహం చూశా. చాప మీద కూకుని, తర్వాతేంటి నాన్నా, తర్వాతేంటి అంటా నా కథ కోసం చిన్నపిల్లాడల్లే చూస్తన్నాడు. జ్వరం లేదంటే ఆడు బాపట్లకి, నేను సముద్రానికి. ఇంకో రెండ్రోజులు పోనీలే అనుకున్నా. రెండ్రోజులు పోయినాక ఇంకో రెండ్రోజులు. ఇంజక్షన్లు పొడిపించుకున్నా గానీ చెప్పలా."

నేను ఏడుస్తూ అన్నాను, "అక్కడ అమ్మ అలా ఉంటే?" అని. దానికి ఆయన నన్ను తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. "బాగానే ఉందని నువ్వు రాశావు గదమ్మా. ఆడు చదివి చెప్పాడు. నమ్మా" అన్నాడు. అంతే అన్నాడు. ఆ మాట నా గుండెల్లో గునపంలా దిగింది. ఆయన నన్ను తప్పు పట్టడానికి అనలేదు మస్తానూ, నిజంగా నమ్మాననే చెప్పాడు.

నీ సంగతి చెప్పేశాను. నువ్వు నేరం నీదని మోస్తున్నావనీ, థర్మామీటరు కొనుక్కుని కూర్చున్నావనీ, అందుకే రావడం లేదనీ. ఆయన మొహం తిప్పుకున్నాడు. నీకు కోపమొచ్చి రావడం లేదని అనుకుంటున్నాడట ఇన్నాళ్ళూ. తన దొంగతనం నువ్వు కనిపెట్టావనీ, అమ్మ కోసం తనని దూరం పెట్టావనీ. అందుకే ఎప్పుడూ నిన్ను పిలవలేదట. పిలవడానికి మొహం లేక.

రాయమ్మా అని నా చేత ఇది రాయించాడు: "అబ్బాయ్, నువ్వు తెచ్చిన దాంట్లో తప్పు లేదు. తాగినోడిది తప్పు. మీ అమ్మ కాడ నేను మాట పడతాలే. నువ్వు పడబాక."

నేను కూడా ఒక మాట రాయాలి. పదకొండో రోజున నలుగురిలో నిన్ను అన్నందుకు, కొన్నాళ్ళు రావద్దని రాసినందుకు, నన్ను క్షమించు. రా.

అక్క

*

బాపట్ల,
18-2-1971

అక్కకి,

నువ్వు చెప్పినట్టే కూర్చుని చదివాను. రామకృష్ణ ఏమైందని అడిగితే ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇప్పుడు నాకు నాన్న మీద కోపం రావాలి, కదూ? రెండున్నరేళ్ళు ఆయన బరువు నేను మోశాను గదా. కోపం కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. ఎందుకు దొరకలేదో నీకొక్కదానికే తెలియాలి.

సెప్టెంబరు పదిహేడున నువ్వు రాసిన ఉత్తరంలో, అమ్మ గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతోందని ఉంది. ఆ వాక్యం దగ్గర నేను ఆగాను. మా ఆఫీసు హెడ్‌గుమాస్తా తల్లి పోయేముందు అలాగే కూర్చుని నిద్రపోయేది, నాకు తెలుసు. నాన్నకి ఉత్తరం చదువుతూ ఆ వాక్యం దాటేశాను. "అమ్మ బాగానే ఉంది, అమ్మవారికి మొక్కుకుంది" అని అక్కడికి దూకాను. జ్వరంలో ఉన్న మనిషికి ఎందుకు చెప్పడం అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. చెబితే నాన్న ఆ సాయంత్రమే కుంటుకుంటూ అయినా బయలుదేరేవాడు. నాకు ఆయన బయలుదేరడం ఇష్టం లేదు.

పొద్దున రావమ్మ గారు గాజుపుల్ల తీసి వెలుతురుకి పట్టుకునేవారు. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసే ఆ కాసేపూ నేనేమనుకునేవాణ్ణో తెలుసా? తగ్గకూడదు, ఈ ఒక్క రోజు తగ్గకూడదు అనుకునేవాణ్ణి అక్కా. టీ సంగతి తెలియకపోయినా, రోజూ అదే కోరుకున్నాను. ఆవిడ "ఇంకా ఉంది" అంటే మొహం బాధగా పెట్టుకుని, లోపల సంతోషించాను. నీకు రాసిన అంత పెద్ద ఉత్తరంలో టీ గురించి, పాదరసం గురించి అన్నీ ఒప్పుకుని ఈ ఒక్కటీ దాచుకున్నాను.

తప్పు తాగినోడిది అని నాన్న రాయించాడు. కాదు. ఆయన అమ్మ బాగుందని నమ్మి ఆగాడు. నేను బాగాలేదని తెలిసి ఆగాను.

ఆదివారం పొద్దున బండికి రేపల్లె వచ్చి, అక్కణ్ణించి బస్సులో వస్తాను. ఇది నాన్నకి చదివి వినిపించకు. నేను ఆయన ఎదురుగా కూర్చుని చెప్పాలి. విన్నాక ఆయన నన్ను ఉండమంటే ఉంటాను, పొమ్మంటే సాయంత్రం బస్సుకి పోతాను.

నీ తమ్ముడు,
మస్తాన్